"పనివాళ్లు దొరకట్లేదు, పిల్లల్ని పంపండి": వందేళ్లకు పైగా నడుస్తున్న ఒక వాదన కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక కాగితంతో మొదలుపెడదాం.

అమెరికాలో ఆర్కన్సా అనే రాష్ట్రం ఉంది. అక్కడ 16 ఏళ్ల లోపు పిల్లలు పనిలో చేరాలంటే ముందు ప్రభుత్వం నుంచి ఒక పర్మిట్ తెచ్చుకోవాలి. వయసు రుజువు, చేయబోయే పని ఏంటి, ఏ టైం నుంచి ఏ టైం దాకా, అమ్మానాన్నల సంతకం. ఇంతే ఉంటుంది అందులో. 2023 మార్చి 7న ఆ రాష్ట్ర గవర్నర్ సారా హకబీ శాండర్స్ ఒక చట్టం మీద సంతకం పెట్టారు. ఆ సంతకంతో ఈ పర్మిట్ అవసరమే లేకుండా పోయింది.

కాగితమే కదా, పోతే ఏమైంది అనిపిస్తుంది. అయితే క్యాలెండర్ ఒక్కసారి వెనక్కి తిప్పండి. దానికి 18 రోజుల ముందు, ఫిబ్రవరి 17న, అమెరికా కార్మిక శాఖ ఒక విషయం బయటపెట్టింది. మాంసం ప్లాంట్లను రాత్రిపూట కడిగి శుభ్రం చేసే ఒక పెద్ద కంపెనీ, 8 రాష్ట్రాల్లో, 13 ప్లాంట్లలో, 102 మంది పిల్లల్ని పనిలో పెట్టుకుంది. వయసు 13 నుంచి 17. వాళ్లు చేసే పని ఏంటంటే, పశువుల ఎముకలు కోసే రంపాల్ని ఘాటు కెమికల్స్‌తో కడగడం. అదీ రాత్రి షిఫ్టులో. తెల్లారితే బడికి వెళ్లాల్సిన పిల్లలు. కంపెనీ 15 లక్షల డాలర్ల పెనాల్టీ కట్టింది. ఆ ఎనిమిది రాష్ట్రాల్లో ఆర్కన్సా కూడా ఒకటి.

అంటే, పిల్లల వయసు ఎవరూ సరిగ్గా చూడకపోతే ఏం జరుగుతుందో దేశమంతా తెలిసిన నెలలోపే, వయసు చూసే కాగితాన్ని తీసేశారు. ఎందుకు? చట్టం తెచ్చినవాళ్లు చెప్పింది, ఇది తల్లిదండ్రుల మీద అనవసరమైన భారం, పిల్లల పనికి ప్రభుత్వం పర్మిషన్ దేనికి అని. అదే సమయంలో దేశమంతా వినిపిస్తున్న ఇంకో మాట ఉంది. పనివాళ్లు దొరకట్లేదు. 2023 జనవరిలో అమెరికాలో నిరుద్యోగం 3.4 శాతం. 1969 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. హోటళ్లు, షాపులు, ఫ్యాక్టరీలు, ఎక్కడ చూసినా మనుషులు కావాలి అనే బోర్డులే.

ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఈ మాట గురించే. "పనివాళ్లు దొరకట్లేదు, కాబట్టి చట్టం కొంచెం వదులు చేద్దాం, పిల్లలు కూడా పనిచేస్తారు." ఇదేదో కోవిడ్ తర్వాత పుట్టిన కొత్త ఆలోచన అనుకుంటే పొరపాటే. దీని వయసు నూట ముప్పై ఏళ్ల పైమాటే. ఇంతకుముందు ఈ మాట విన్నప్పుడల్లా ఏం జరిగిందో చరిత్రలో రాసి ఉంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి కథ, అలబామా. అమెరికా దక్షిణాది రాష్ట్రం, పత్తి పండే ప్రాంతం. 1887లో అలబామా ఒక చట్టం చేసింది. 14 ఏళ్ల లోపు పిల్లలతో ఫ్యాక్టరీలో రోజుకు 8 గంటలకు మించి పని చేయించకూడదు. ఆ కాలానికి, ఆ ప్రాంతానికి అది చాలా ముందడుగు. ఏడేళ్లకే దాన్ని రద్దు చేశారు. ఎవరి కోసమో తెలుసా? ఉత్తరాదిన మాసచుసెట్స్‌లో ఉన్న ఒక పెద్ద బట్టల మిల్లు, అలబామాలో కొత్త మిల్లు కట్టాలనుకుంది. దానికి ఈ చట్టం అడ్డంగా ఉంది. మిల్లు రావాలా, చట్టం ఉండాలా అన్న ప్రశ్న వచ్చింది. 1894లో చట్టం పోయింది, తర్వాత మిల్లు వచ్చింది.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఏంటంటే, చట్టం తీసేయడం ఒక్క అసెంబ్లీ సమావేశంలో అయిపోయింది. మరి తిరిగి తేవడానికి? ఎడ్గార్ గార్డ్‌నర్ మర్ఫీ అని ఒక చర్చి పాస్టర్ ఊరూరా తిరిగి, కరపత్రాలు రాసి, పేపర్లలో వాదించి, చివరికి 1903లో ఒక చట్టం తేగలిగాడు. అదీ 12 ఏళ్ల వయసు పరిమితితోనే. అంటే మధ్యలో తొమ్మిదేళ్లు. 1894లో ఎనిమిదేళ్లున్న పిల్లకు 1903 నాటికి పదిహేడేళ్లు. కొత్త చట్టం ఆమెకు ఎందుకు? ఆమె బాల్యం ఆ మిల్లులోనే అయిపోయింది.

అప్పట్లో ఆ మిల్లులు ఎలా నడిచేవో రెండు ముక్కల్లో చెప్తాను. పొలం గిట్టుబాటు కాక పేద కుటుంబాలు పల్లెలు వదిలి మిల్లు ఊళ్లకు వచ్చేవి. ఇల్లు కంపెనీదే, షాపు కంపెనీదే. చాలా చోట్ల ఇల్లు ఇవ్వాలంటే ఆ ఇంటి నుంచి ఇంతమంది మిల్లుకు రావాలి అని షరతు ఉండేది. నాన్న జీతం ఒక్కటే ఇల్లు గడవడానికి చాలదు. ఎందుకు చాలదు? పిల్లలు కూడా వస్తారు కాబట్టి మిల్లు వాళ్లు ఆ లెక్కలోనే జీతం ఇచ్చేవాళ్లు. ఇది మెలిక. పిల్లలు పనికి వస్తున్నారు కాబట్టి పెద్దల కూలి తక్కువ. పెద్దల కూలి తక్కువ కాబట్టి పిల్లలు పనికి రావాలి. తర్వాత మిల్లు యజమాని బయటికొచ్చి, "మేమేం చేస్తాం, వాళ్ల కుటుంబాలే పిల్లల్ని పంపిస్తున్నాయి" అంటాడు.

1900 లెక్కల ప్రకారం అమెరికాలో 10 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లలు దాదాపు 17.5 లక్షల మంది పనిలో ఉన్నారు. ఆ వయసు పిల్లల్లో సుమారు ఆరుగురిలో ఒకరు. 1904లో వీళ్ల కోసం జాతీయ బాల కార్మిక కమిటీ ఏర్పడింది. లూయిస్ హైన్ అనే స్కూల్ టీచర్ ఉద్యోగం మానేసి, 1908 నుంచి కమిటీ తరఫున కెమెరా పట్టుకుని మిల్లులు, గనులు తిరిగాడు. గేటు దగ్గర నిజం చెప్తే లోపలికి రానివ్వరు. అందుకని ఒకచోట బైబిళ్లు అమ్మేవాడినని, ఇంకోచోట మెషిన్ల ఫోటోలు తీసేవాడినని చెప్పి లోపలికి వెళ్లేవాడు. పిల్లల ఎత్తు తెలుసుకోవడానికి తన కోటు గుండీలే కొలబద్ద. ఏ గుండీ దాకా వస్తే ఎన్ని అంగుళాలో ముందే లెక్క కట్టి పెట్టుకున్నాడు. జేబులో చెయ్యి పెట్టి ఎవరికీ కనబడకుండా వివరాలు రాసుకునేవాడు.

అతను కొలతలు ఎందుకు తీసుకోవాలి చెప్పండి? వయసు అడిగితే పిల్లలు 12 అని చెప్పేవాళ్లు. ఇంట్లో అలా చెప్పమని నేర్పించి పంపేవాళ్లు. అమ్మానాన్న మాటే రుజువుగా చెల్లుబాటయ్యే చోట చట్టంలో ఏ వయసు రాసినా ఒకటే. అందుకే ఆ ఉద్యమం నోటిమాట చాలదు, కాగితం మీద వయసు రుజువు కావాలి అని పట్టుబట్టింది. ఇప్పుడు అర్థమైందా, ఆర్కన్సాలో తీసేసిన ఆ పర్మిట్ అసలు ఎక్కడి నుంచి వచ్చిందో? ఆఫీసులో ఎవరో గుమాస్తాకి పనిలేక పెట్టిన రూల్ కాదు అది. అబద్ధపు వయసులతో మిల్లుల్లో చేరిన వేలాది పిల్లల్ని చూసి పెట్టిన రూల్.

రెండో కథ. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన కథ, కొంచెం శ్రద్ధగా వినండి.

1916లో అమెరికా పార్లమెంటు, అదే కాంగ్రెస్, కీటింగ్ ఓవెన్ చట్టం చేసింది. దేశం మొత్తానికి వర్తించే మొదటి బాల కార్మిక చట్టం ఇదే. 14 ఏళ్ల లోపు పిల్లలు పనిచేసిన ఫ్యాక్టరీ సరుకు రాష్ట్రం దాటి పోకూడదు. 14 నుంచి 16 మధ్య పిల్లలైతే రోజుకు 8 గంటలే, రాత్రి పని లేదు. 1917 సెప్టెంబర్ 1 నుంచి అమలు. అప్పటికే అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. మగవాళ్లు సైన్యంలోకి పోతున్నారు, మిల్లులకు ఆర్డర్లు వచ్చి పడుతున్నాయి, చేతులు కావాలి. సరిగ్గా అప్పుడు పిల్లల్ని బయటికి పంపమంటోంది చట్టం.

దక్షిణాది మిల్లు యజమానులు కోర్టుకు వెళ్లాలనుకున్నారు. అయితే యజమాని పేరుతో కేసు వేస్తే బాగుండదు కదా. కార్మికుడి పేరుతో వేయించాలి. నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఒక మిల్లులో పనిచేసే రోలండ్ డాగెన్‌హార్ట్ అనే తండ్రి దొరికాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు, రూబెన్, జాన్. ఇద్దరూ అదే మిల్లులో. కొత్త చట్టం వస్తే చిన్నోడి పని పూర్తిగా పోతుంది, పెద్దోడికి గంటలు తగ్గుతాయి. నా పిల్లల సంపాదన మీద నాకున్న హక్కును ఈ చట్టం లాక్కుంటోంది అని తండ్రి కేసు వేశాడు. లాయర్ల ఖర్చంతా మిల్లు యజమానుల బృందానిది.

1918 జూన్ 3న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఒక్క ఓటు తేడాతో చట్టం చెల్లదని కొట్టేశారు. మిల్లులో ఎవరు పనిచేయాలన్నది రాష్ట్రాల సొంత వ్యవహారం, అందులో కాంగ్రెస్‌కు సంబంధం లేదు అన్నారు. అమలైంది తొమ్మిది నెలలు. అంతే.

తర్వాత కాంగ్రెస్ పన్ను రూపంలో ఇంకో చట్టం తెచ్చింది, 1922లో దాన్నీ కొట్టేశారు. సరే, రాజ్యాంగాన్నే మారుద్దాం అని 1924లో సవరణ పాస్ చేశారు. అప్పుడున్న 48 రాష్ట్రాల్లో 36 ఒప్పుకోవాలి. 28 మాత్రమే ఒప్పుకున్నాయి. సరదాగా ఒక విషయం చెప్తాను, దానికి గడువు పెట్టలేదు కాబట్టి టెక్నికల్‌గా ఆ సవరణ ఈరోజుకీ పెండింగ్‌లోనే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. కేసు గెలిచిన కొన్నేళ్లకు, 1923లో, ఒక జర్నలిస్టు వెతుక్కుంటూ వెళ్లి ఆ పెద్ద కొడుకు రూబెన్‌ను కలిశాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు, పెళ్లయింది. దేశ అత్యున్నత కోర్టులో గెలిచావు కదా, నీకేం లాభం వచ్చింది అని అడిగాడు. రూబెన్ చెప్పిందేంటంటే, లాయర్లు కారులో తిప్పారు, కోకాకోలా కొనిపెట్టారు, మాకు వచ్చింది అదే అని. నన్ను చూడండి, ఎదిగిన మగాడిని, 105 పౌండ్లే ఉన్నాను, చదువు లేదు అన్నాడు. 105 పౌండ్లు అంటే మన లెక్కలో 48 కిలోలు కూడా లేడు. పన్నెండేళ్ల నుంచి రోజుకు పన్నెండు గంటలు మిల్లులోనే. తను 65 పౌండ్లు ఉన్నప్పుడు 100 పౌండ్ల బరువులు ఎత్తేవాడినని చెప్పాడు. అంటే ముప్పై కిలోల పిల్లాడు నలభై ఐదు కిలోలు ఎత్తాడు. ఆ చట్టం నిలబడి ఉంటే ఈ రాష్ట్రంలో పిల్లలందరికీ మంచి జరిగేది అని కూడా అన్నాడు.

ఒకసారి ఆలోచించండి. అతని హక్కు కోసమే అని చెప్పి కేసు వేశారు. అతని పేరు మీద గెలిచారు. ఆ గెలుపులో అతని వంతు ఒక కూల్‌డ్రింకు.

1941లో అదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో, ఈసారి ఏకగ్రీవంగా, 1918 తీర్పు తప్పని చెప్పి పక్కన పెట్టింది. 23 ఏళ్ల తర్వాత. అప్పటికి రూబెన్ నలభైకి దగ్గరపడి ఉంటాడు. తప్పు దిద్దుకోవడం కోర్టుకు కుదిరింది, పోయిన బడి అతనికి వెనక్కి రాదు కదా.

యుద్ధం మాట వచ్చింది కాబట్టి బ్రిటన్ గురించి కూడా ఒక్క ముక్క. అదే మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో రైతులు, పొలాల్లో మనుషుల్లేరు, బడి పిల్లల్ని వదలండి అని అడిగారు. స్థానిక విద్యా అధికారులు చాలాచోట్ల రూల్స్ సడలించి, పన్నెండేళ్ల పిల్లల్ని, ఒక్కోచోట ఇంకా చిన్నవాళ్లను కూడా పొలం పనికి పంపారు. 1917లో విద్యా మంత్రి హెచ్.ఏ.ఎల్. ఫిషర్ పార్లమెంటులో లెక్క చెప్పాడు. మూడేళ్ల యుద్ధంలో సుమారు 6 లక్షల మంది పిల్లలు టైం కంటే ముందే బడి వదిలి పనుల్లోకి పోయారని. అది చూశాకే 1918లో కొత్త విద్యా చట్టం తెచ్చి, 14 ఏళ్ల దాకా బడి తప్పనిసరి, మినహాయింపులు లేవు అన్నారు.

మళ్లీ అమెరికాకు వద్దాం. మూడో కథ. 1930లలో మహా మాంద్యం వచ్చింది. కోటి మందికి పైగా పెద్దవాళ్లకు పని లేదు. అప్పుడు గమ్మత్తుగా అందరికీ పిల్లల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పెద్దలు ఖాళీగా ఉంటే పిల్లలు ఫ్యాక్టరీలో ఏంటి, ఆ ఉద్యోగాలు పెద్దలకు ఇవ్వండి అన్నారు. 1938లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలంలో న్యాయమైన కార్మిక ప్రమాణాల చట్టం వచ్చింది. మామూలు పనులకు 16, ప్రమాదకరమైన పనులకు 18. 14, 15 ఏళ్ల వాళ్లకు కొన్ని తేలికపాటి పనులు మాత్రమే, అదీ బడి గంటలు కాని టైంలో. అమెరికాలో ఈరోజు కూడా పునాది అదే చట్టం. వ్యవసాయాన్ని మాత్రం అప్పుడూ పెద్దగా ముట్టుకోలేదు, ఇప్పుడూ ముట్టుకోలేదు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే పన్నెండేళ్ల పిల్లలు కూడా సెలవుల్లో పొగాకు తోటలో పనిచేయొచ్చు.

చట్టం వచ్చి నాలుగేళ్లు కాలేదు, రెండో ప్రపంచ యుద్ధంలోకి దేశం దిగింది. మళ్లీ అదే మాట. పనివాళ్లు లేరు. చాలా రాష్ట్రాలు తమ తమ చట్టాల్లో గంటలు పెంచాయి, రాత్రి పనికి ఒప్పుకున్నాయి, వయసు దగ్గర చూసీ చూడనట్టు పోయాయి. 1940లో 14 నుంచి 17 ఏళ్ల మధ్య పనిచేసే పిల్లలు పది లక్షల లోపే. 1944 నాటికి దాదాపు ముప్పై లక్షలు. అదే సమయంలో హైస్కూళ్లలో చదివే పిల్లల సంఖ్య పది లక్షలకు పైగా పడిపోయింది. అందరూ విమానాలు తయారుచేసి దేశాన్ని కాపాడారని అనుకోకండి. బౌలింగ్ ఆటల్లో పడిపోయిన కర్రల్ని అర్ధరాత్రి దాకా నిలబెట్టే పనిలో కూడా పిల్లలే ఉన్నారు. యుద్ధం పేరుతో తెరిచిన తలుపులోంచి అందరూ దూరారు.

చివరికి ప్రభుత్వమే భయపడింది. పిల్లల వ్యవహారాలు చూసే కేంద్ర శాఖ, విద్యా శాఖ కలిసి బడికి వెళ్లండి అంటూ ప్రచారం మొదలుపెట్టాయి. ఇంకో సంగతి చూడండి. 1944లో యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకు కాలేజీ చదువుల ఖర్చు ఇస్తూ పెద్ద చట్టం చేశారు. చాలా మంచి చట్టం, లక్షల జీవితాలు మారాయి. అయితే పదిహేనేళ్లకే బడి మానేసి అదే యుద్ధం కోసం ఫ్యాక్టరీలో నిలబడ్డ పిల్లల కోసం అలాంటి చట్టమేదీ రాలేదు.

ఇప్పుడు ఈ కథలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పెద్దలకు పని లేనప్పుడు, పిల్లలు బడిలో ఉండాలి అన్నారు. పెద్దలు దొరకనప్పుడు, పిల్లలకు పని నేర్పడం మంచిది, క్రమశిక్షణ వస్తుంది అన్నారు. మధ్యలో పిల్లల ఎముకలు మారలేదు, వాళ్లకు కావాల్సిన నిద్ర మారలేదు, చదువు వయసు మారలేదు. మారింది మార్కెట్ ఒక్కటే. పిల్లల్ని నీళ్ల ట్యాప్ లాగా, అవసరమైతే తిప్పడం, అవసరం తీరితే కట్టేయడం. వాళ్లకేం మంచిది అన్న ప్రశ్న ఆ సంభాషణలో ఎక్కడా లేదు.

ఈ చరిత్ర తెలిశాక ఇప్పటి వార్తలు చూడండి. ఆర్కన్సా చెప్పాను. 2023 మే నెలలో అయోవా రాష్ట్రం ఇంకా దూరం వెళ్లింది. కేంద్ర చట్టం ప్రకారం 14, 15 ఏళ్ల పిల్లలు బడి ఉన్న రోజు 3 గంటలు, సాయంత్రం 7 దాకా మాత్రమే పనిచేయాలి. అయోవా దాన్ని 6 గంటలు, రాత్రి 9 దాకా చేసింది. ఏడు గంటల బడి, ఆరు గంటల పని. హోంవర్క్ ఎప్పుడు, నిద్ర ఎప్పుడు? మీరే లెక్క వేసుకోండి. ఇది ఒక పార్టీ వ్యవహారం అనుకోకండి. డెమొక్రాట్ల చేతిలో ఉన్న న్యూజెర్సీ కూడా 2022లో వేసవి సెలవుల్లో టీనేజర్ల పని గంటలు పెంచింది.

ఇదే సమయంలో కేంద్ర కార్మిక శాఖ లెక్కల్లో, 2023 ఆర్థిక సంవత్సరంలో చట్టానికి విరుద్ధంగా పనిలో ఉన్న పిల్లలు సుమారు 5,800 మంది దొరికారు. 2019తో పోలిస్తే 88 శాతం ఎక్కువ. దొరికినవాళ్లే అంతమంది. 2023 వేసవిలో విస్కాన్సిన్‌లో కలప మిల్లులో ఒక పదహారేళ్ల అబ్బాయి, మిసిసిపీలో చికెన్ ప్లాంటులో ఇంకో పదహారేళ్ల అబ్బాయి మెషిన్లలో చిక్కుకుని చనిపోయారు. రెండో అబ్బాయి గ్వాటెమాలా నుంచి వచ్చిన కుటుంబం పిల్లాడు. పశువుల ప్లాంట్లలో రాత్రి పనికి వచ్చేది ఎవరి పిల్లలో వేరే చెప్పాలా? కొత్తగా వలస వచ్చినవాళ్ల పిల్లలే ఎక్కువ. చట్టం అందరికీ వదులవుతుంది, దెబ్బ మాత్రం కొందరికే తగులుతుంది.

కొంతమందికి ఇక్కడ ఒక డౌట్ వస్తుంది. అన్నా, అమెరికాలో పిల్లలు ఐస్‌క్రీం షాపులో పనిచేసి పాకెట్ మనీ సంపాదిస్తారు కదా, అది మంచిదే కదా అని. నిజమే, మంచిదే. పదిహేనేళ్ల పిల్ల సాయంత్రం మూడు గంటలు షాపులో నిలబడితే నాలుగు మంచి విషయాలు నేర్చుకుంటుంది. అయితే దానికి పాత చట్టం ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. 1938 నుంచి ఆ అవకాశం ఉంది. కొత్తగా వదులు చేస్తున్నది ఆ మూడు గంటల్ని కాదు. నాలుగో గంటని, ఆరో గంటని, వయసు చూసే కాగితాన్ని, ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో తెలిసే దారిని.

ఇంకో మాట, కొరత గురించి. పనివాళ్లు దొరకట్లేదు అన్నప్పుడు ఆ వాక్యం పూర్తిగా చెప్పడం లేదు. మేమిచ్చే కూలికి దొరకట్లేదు, మేం పెట్టిన టైంకి దొరకట్లేదు అనేది పూర్తి వాక్యం. అమెరికాలో కేంద్రం పెట్టిన కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 తర్వాత ఒక్క సెంటు పెంచలేదు. చాలా రాష్ట్రాలు సొంతంగా పెంచుకున్నాయి, అయోవా లాంటివి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఇదే చోట కూలి పెంచడం కంటే పిల్లల గంటలు పెంచడం సులువు అనిపించింది చట్టసభకు.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అనుకోకండి. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే పొలాలు మీలో కొందరు చూసే ఉంటారు. సాయంత్రం ఒక్కో మొగ్గను విప్పి అందులో మగ భాగాన్ని చేత్తో తీసేయాలి, మర్నాడు పొద్దున్నే వేరే పువ్వు పుప్పొడిని దానికి రుద్దాలి. వేల పువ్వులు, నెలల తరబడి. ఏళ్ల తరబడి ఈ పని చేసింది ఎక్కువగా బడి మానేసిన ఆడపిల్లలే. అడిగితే ఏమనేవాళ్లు? పెద్దవాళ్లు దొరకరు, చిన్న వేళ్లకే ఈ పని బాగా వస్తుంది అని. పరిశోధకులు లెక్క తీస్తే ఇంకోటి తేలింది. విత్తన కంపెనీలు రైతుకు ఇచ్చే ధర, పెద్దవాళ్లకు పూర్తి కూలి ఇచ్చి పని చేయించడానికి సరిపోయేలా లేదు. అలబామా మిల్లులో చూసిన మెలికే ఇది, చేను మారిందంతే.

దీనికి ఎదురు నిలబడ్డవాళ్లూ మన దగ్గరే ఉన్నారు. ప్రొఫెసర్ శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేశారు. వాళ్లు పట్టుకున్న సూత్రం ఒక్కటే. బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని, ఇంటి పని, బయటి పని అని గీతలు గీయడం మొదలుపెడితే ఆ గీతల మధ్యలోంచి పిల్లలు జారిపోతారని వాళ్ల అనుభవం. బడి వయసు దాటిన పిల్లల కోసం శిబిరాలు పెట్టి, చదువులో వెనకబడింది నేర్పించి, వాళ్ల వయసుకు తగిన క్లాసులో కూర్చోబెట్టారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. అయినా 2016లో మన పార్లమెంటు చట్టాన్ని సవరించినప్పుడు, ఒక చేత్తో 14 ఏళ్ల లోపు పనిని అన్ని రంగాల్లో నిషేధించి, ఇంకో చేత్తో బడి అయ్యాక కుటుంబ వ్యాపారంలో సాయం చేయొచ్చు అని కిటికీ తెరిచింది. కుటుంబ వ్యాపారం అనే మాట ఎంత దూరం సాగుతుందో మన ఊళ్లలో బీడీలు చుట్టే ఇళ్లు చూస్తే తెలుస్తుంది.

సరే ఫ్రెండ్స్, చివరిగా. ఈ ఎపిసోడ్ నుంచి ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. కొరత అనేది వస్తుంది, పోతుంది. 1918 నాటి కొరత పోయింది, 1944ది పోయింది. 2023లో గోల చేసిన ఆ కొరత కూడా ఎప్పటికీ ఉండేది కాదు. అయితే ఆ రెండు మూడేళ్లలో బడి మానేసిన పిల్లకు ఆ ఏళ్లు తిరిగి రావు. చట్టం వదులు చేయడానికి ఒక సంతకం చాలు, మళ్లీ బిగించడానికి అలబామాకు తొమ్మిదేళ్లు, సుప్రీంకోర్టుకు ఇరవై మూడేళ్లు పట్టింది.

కాబట్టి ఈసారి ఎక్కడైనా, అమెరికాలో అయినా, మన జిల్లాలో అయినా, పనివాళ్లు లేరు కాబట్టి రూల్స్ కొంచెం సడలించాలి అన్న వార్త మీ ఫోన్‌లో కనిపిస్తే, పైకి స్క్రోల్ చేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎంత కూలికి లేరు? ఏ కాగితం తీసేస్తున్నారు? ఆ పనికి ఎవరి పిల్లలు వెళ్తారు, చట్టం చేసేవాళ్ల పిల్లలా, వేరేవాళ్ల పిల్లలా? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఆ వార్త సగం అర్థమైనట్టే.

మీ ఊళ్లో, మీ ఇంట్లో, అమ్మమ్మ తాతయ్యల తరంలో చిన్నప్పుడే పనికి వెళ్లినవాళ్లు ఉంటే ఒకసారి కూర్చుని అడగండి. ఏ వయసులో వెళ్లారు, బడి ఎందుకు మానేశారు, అప్పుడు ఇంట్లో ఏం చెప్పారు అని. వాళ్లు చెప్పేది ఏ పుస్తకంలోనూ ఉండదు. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.